ఇంకొకామె అడిగింది

2014 నుంచి నా బీరువాలో నాది కాని పుస్తకం ఒకటి ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’, మొదటి ముద్రణ. కొన్నది కాదు, కానుకగా వచ్చిందీ కాదు. జనగామకు దగ్గర్లోని ఒక ఊళ్లో ఒక అవ్వ చదువుకొమ్మని ఇచ్చింది. చదివాను. తిరిగివ్వలేదు.

అప్పుడు నా పిహెచ్.డి. రెండో ఏడాది. అవ్వ దగ్గరికి పుస్తకం కోసం పోలేదు, పాటల కోసం పోయాను. నాటు పాటలు, సంఘం రోజుల పాటలు రికార్డు చేసుకుంటుంటే మధ్యలో లేచి, లోపలి అర్రలో సందుగ తెరిచి ఈ పుస్తకం తీసుకొచ్చింది. క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉంది. అట్ట మీద బడిపిల్లల లేబుల్: 6వ తరగతి, సాంఘిక శాస్త్రం. “తీస్కపో బిడ్డా” అంది. “సదివినంక మల్ల తెచ్చియ్యి. నాకని గాదు, ఇంకొకామె అడిగింది.”

ఆ మాట నా రికార్డరులో స్పష్టంగా ఉంది. పాటలు కాగితం మీద పెట్టుకున్నప్పుడు ఆ ముక్కను అప్రస్తుతం అని వదిలేశాను.

పుస్తకం, ఆడది, డబ్బు పరాయి చేతికి పోతే పోయినట్టేనని మన పెద్దలు అస్తమానం అప్పజెప్పే సంస్కృత సుభాషితం ఒకటుంది. రెండో సగం మరీ ఘోరం. ఒకవేళ తిరిగొస్తే పుస్తకం చినిగి, స్త్రీ చెడి, డబ్బు ముక్కలై వస్తాయట. ఇంటర్‌లో మా సంస్కృతం సారు ఈ శ్లోకం చెప్పి క్లాసంతా నవ్వించారు. ఆడపిల్లలం కూడా నవ్వాం. పుస్తకాన్నీ స్త్రీనీ ఒకే తాళంచెవికి కట్టిన ఆ నీతి వెనుక ఎంత పొడుగు చరిత్ర ఉందో నాకు తెలిసింది చాలా తర్వాత.

మన కావ్య సంప్రదాయంలోనే ఉంది అది. కావ్యం కన్య, కవి కన్నతండ్రి, అంకితం పుచ్చుకున్నవాడు కృతిపతి, కృతిభర్త. పుస్తకాన్ని వదులుకోవడమంటే పిల్లను అత్తారింటికి పంపడమన్నమాట. మంచి సంబంధం చూసి ఇయ్యాలి. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర, పోతనది అంటారు. ఆయన భాగవతాన్ని రాజుకివ్వనన్నాడన్న ఐతిహ్యం మనకెంతో ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ ఆ కథలో కూడా కన్య కన్యే, మారింది వరుడు మాత్రమే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ కథకున్న రెండో భాగం. కోపమొచ్చిన సింగభూపాలుడు గ్రంథాన్ని పాతిపెట్టించాడనీ, బయటికి తీసేసరికి చెదలు తినేశాయనీ చెబుతారు. అది కథే కావచ్చు. ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పూరించారన్నది మాత్రం మనందరం చదువుకున్నదే. అంటే తెలుగువాళ్లు అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించిన పుస్తకం చేతులు మారి, చిరిగి, చదివినవాళ్లు ఖాళీలు నింపగా మనదాకా వచ్చింది. దాన్ని చెడిపోయిందని ఎవరూ అనలేదు.

స్త్రీ రాసిన పుస్తకం చేతులు మారితే మాత్రం అన్నారు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని స్నేహితుల ద్వారా, చేతి ప్రతుల ద్వారా వెతికి పట్టుకుని 1910లో వావిళ్ల వారితో అచ్చు వేయించింది. ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ నిషేధం తొలగలేదు. కావ్యాన్నీ కవయిత్రినీ ఒకే నోటితో చెడ్డవన్నవాళ్లలో వీరేశలింగం కూడా ఉన్నారు. సుభాషితం ఎంత లోతుకు దిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక తెలంగాణలో పుస్తకాలు చేతులు మారిన చరిత్రను మనం ఎలా చెప్పుకుంటున్నాం? స్థాపకుల పేర్లతో, సంవత్సరాలతో. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి, 1918లో వరంగల్లులో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో, సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద అనుమతి తెచ్చుకోవలసిన రోజుల్లో, నాలుగు తెలుగు పుస్తకాలు ఒకచోట పెట్టి బజారు తలుపు తెరవడం చిన్న పని కాదు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

నాకు కావలసింది ఆ తలుపులోంచి పుస్తకం బయటికి వచ్చాక ఎటు పోయిందన్న సంగతి. పుస్తకం తీసుకుపోయినవాడి పేరు రిజిస్టరులో ఉంటుంది. వాడు దాన్ని ఇంట్లో ఏ గూట్లో పెట్టాడో, మధ్యాహ్నం పూట దాన్ని ఎవరు తీశారో ఏ రిజిస్టరులోనూ ఉండదు. పఠన మందిరాలు నడిచిన చావళ్లలో, బజారు అరుగుల మీద ఆడవాళ్లు కూర్చోలేదు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగినప్పుడు స్త్రీల కోసం పక్కనే ఆంధ్ర మహిళాసభ పెట్టారు. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఆ సభలో మాట్లాడగలిగిన స్త్రీలు అప్పటిదాకా చదువుకున్న పుస్తకాలన్నీ ఎవరి పేరు మీద ఇంట్లోకి వచ్చి ఉంటాయి?

అన్న పేరు మీదనో, భర్త పేరు మీదనో, తమ్ముడి పేరు మీదనో. భండారు అచ్చమాంబ బడికి పోలేదు. తన దగ్గరే ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ద్వారా అక్షరాలు, భాషలు నేర్చుకుంది. అదే లక్ష్మణరావు భాషానిలయం పెట్టినవారిలో ఒకడు. ఆ 1901లోనే అక్క ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వచ్చింది. రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైన ఆ నిలయానికి, ఆయన పోయాక భవనం కోసం డబ్బు ఇచ్చింది ఆయన భార్య లక్ష్మీనరసమ్మ. దాతల పట్టికలో ఆమె ఉంది. పాఠకురాలిగా ఉందా? మల్లు స్వరాజ్యం గోర్కీ ‘అమ్మ’ చిన్నప్పుడే చదివానని, ఉద్యమంలోకి రావడానికి అదే మొదలని చెప్పుకుంది. ఏ గ్రంథాలయ చరిత్రలోనైనా ఆ దొరబిడ్డ చేతిలోకి ఆ పుస్తకం చేరిన దారి ఒక వాక్యమైనా కనిపిస్తుందా అని చూశాను. స్త్రీ ఎప్పుడూ రెండో పాఠకురాలే. మొదటివాడి సంతకం కింద ఆమె చదువు సాగింది. రంగనాథన్ 1931లో గ్రంథాలయశాస్త్రానికి రాసిన ఐదు సూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ పుస్తకం అందాలన్నది. ఆ సూత్రం కిందే స్త్రీల చదువు గురించి మాట్లాడాడు.

చదవడం రానివాళ్లను కూడా లెక్కపెట్టాలి. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద స్త్రీల అక్షరాస్యత 9 శాతం కూడా లేదు. హైదరాబాదు రాజ్యపు పల్లెల సంగతి చెప్పనక్కర్లేదు. ఒకామె చదివితే పది మంది విన్నారు. విన్నవాళ్లను పాఠకురాళ్లు కాదని ఎట్లా అంటాం?

ఇదే నేల మీద పుస్తకాన్ని గుప్పిట్లో పెట్టుకోనివాళ్లు కూడా పుట్టారు. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల నడిపారు. 1922లో సొంత ప్రెస్సులో ‘తెనుగు’ వారపత్రిక అచ్చువేశారు. ఇనుగుర్తి అప్పటికీ ఇప్పటికీ పట్నం కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి అయితే వంటపని చేసి, హోటల్లో సర్వర్‌గా చేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయనతో నిజామాబాదు జైల్లో ఉన్న దాశరథి కృష్ణమాచార్య ఇదే జిల్లా చిన్నగూడూరు బిడ్డ. ‘అగ్నిధార’ను ఆయన అంకితమిచ్చింది ఆళ్వారుస్వామికి. కృతిపతి అన్న మాటకు పుస్తకాల మోపు మోసేవాడు అని అర్థం వచ్చిన సందర్భం నాకు తెలిసి మరొకటి లేదు.

ఇంత చెప్పుకుని నా బీరువాలోని పుస్తకం దగ్గరికి రావాలంటే సిగ్గుగానే ఉంది.

‘మనకు తెలియని మన చరిత్ర’ గురించి మీకు పరిచయం అక్కర్లేదు. 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన సభ్యులు, కె. లలిత, వసంత కన్నబిరాన్ తదితరులు, సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను వెతుక్కుంటూ పోయి వాళ్ల మాటలు వాళ్లవిగానే రాసి పెట్టారు. 1989లో అదే ఇంగ్లీషులోకి వెళ్లింది. పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య చనిపోయిన కడవెండి, అయిలమ్మ పాలకుర్తి, దూడల సాలమ్మ ఖిలాషాపురం ఇప్పుడు జనగామ జిల్లాలోనివే. చాకలి అయిలమ్మ పుస్తకం వచ్చేదాకా లేదు, 1985 సెప్టెంబర్‌లోనే చనిపోయింది. ఆమె గొంతు పుస్తకమై ఆమె తాలూకాకు తిరిగి వచ్చింది.

ఎలా వచ్చిందో ఈ ప్రతి చెబుతుంది. లోపలి పేజీలో ఆరు పేర్లున్నాయి. మొదటిది ఒక టీచరమ్మది, 1987, నీలం సిరా, పొందికైన రాత. రెండో ఆమె పేరుకు ముందు ఇంటిపేరు కాకుండా ఊరి పేరు రాసుకుంది. మూడో ఆమె ఒక్క పొడి అక్షరమే పెట్టింది, భయమో బిడియమో. నాలుగోది బాల్‌పెన్ను, నూనె మరకలో సగం చెదిరింది. ఐదోది అవ్వ కూతురిది. ఆరోది అవ్వ. ముందు ఈ పుస్తకాన్ని టీచరమ్మ చదువుతుంటే అవ్వ విన్నది. 1990ల్లో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాక తానే చదివింది. విన్నప్పుడు పేరు రాయలేదు, చదివినంకనే రాసింది. అందుకే కూతురి పేరు కింద తల్లి పేరుంది. ఒక్కో అక్షరం రెండు గీతల ఎత్తు.

అట్ట ఎవరు వేశారని అడిగితే కూతురని చెప్పింది అవ్వ. ఆ ఇంట్లో ఏ పార్టీలోనూ ఎవరూ లేరు. అయినా ఆ రోజుల్లో మానుకోట, ములుగు, భూపాలపల్లి వైపు ఎర్రట్ట పుస్తకం దొరికితే ఎవరూ దాని లోపల ఏముందో చదివి చూడరు. సోదాల వార్త వస్తే మగవాళ్లు ఊరు దాటేవాళ్లు, పుస్తకాలను ఆడవాళ్లు వడ్ల గుమ్మిలోనో పిడకల కిందనో దాచేవాళ్లు. కొన్ని పొయ్యిలో పెట్టారు కూడా. ప్రేమించిన పుస్తకాన్ని అన్నం వండుతూ కాల్చినవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో, ఎవరైనా అడిగారా? ఈ ఒక్కటి ఆరో తరగతి సాంఘిక శాస్త్రమై బతికింది. అబద్ధం కూడా కాదు మరి.

లోపలి మార్జిన్లు ఇంకో పుస్తకం. అయిలమ్మ దగ్గర పెన్సిలుతో: “పాలకుర్తికి పోయినప్పుడు చూసిన.” ఒకచోట “అట్ల గాదు”, దాని కింద వేరే చేతిరాతలో “అట్లనే”. ఆ తగువు ఎవరిదో, ఎవరు గెలిచారో తెలియదు. పాల లెక్క ఒకటి, ఆర్టీసీ టికెట్టు ఒకటి. దళానికి అన్నం మోసిన ఆడవాళ్ల ప్రస్తావన పక్కన: “మా అమ్మ గూడ సద్ది మోసింది. పేరు ఎవ్వలు రాయలే.” అడవిలో ఉండగా పసిబిడ్డను పరాయివాళ్ల చేతుల్లో పెట్టి రావలసి వచ్చిన కమలమ్మ కథ దగ్గర మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు. ఆ పేజీల అంచులు వేళ్లు తగిలి తగిలి నల్లబడ్డాయి.

దీన్ని చూసిన ఏ పరిశోధకురాలికైనా చేతులు వణుకుతాయి. నాకూ వణికాయి. పాటల అధ్యాయం పక్కకు పోయింది, ఈ మార్జిన్ల మీద ఒక అధ్యాయం రాశాను. పాదసూచికలో ఏమని రాశానో దాచుకోవడం దేనికి: ‘పరిశోధకురాలి సొంత సేకరణ’. వైవాలో ఆ సేకరణను మెచ్చుకున్నారు. సెమినార్లలో ఆ పేజీల ఫొటోలు తెర మీద వేశాను. ప్రతి ఏడాదీ జనగామ పోయి ఇచ్చేద్దామనుకున్నాను, ప్రతి ఏడాదీ ఇంకొక్క వ్యాసం మిగిలేది. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్లు జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. ఆ ఇంటి మనుషులు అప్పటికే ఆ మూడు చోట్లకూ చెదిరిపోయారు. 2019లో అవ్వ పోయింది. నాకు నెలల తర్వాత తెలిసింది.

పాత కాగితాల కోసం తిరిగేవాళ్లకు ఈ ప్రాంతంలో తరచూ వినిపించే మాట: “ఉండె గని, గిట్లనే ఒక సారు వచ్చి తీస్కపోయిండు.” నేను కూడా ఆ సార్లను తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ వరుసలో ఒక మేడమ్ కూడా ఉంది.

నా తరఫున వాదించుకోవడానికి మాట లేకపోలేదు. దాచకపోతే ఏమీ మిగలదు. ‘తెనుగు’ సంచికలు ఇవాళ దొరకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకు తెలుసు. చేతులు మారుతూ పోయిన కాగితం చివరికి కిరాణా కొట్టు పొట్లమవుతుంది. ఆ ఆరు పేర్లూ, ఆ “సద్ది మోసింది” అన్న వాక్యమూ నా బీరువా వల్లనే భద్రంగా ఉన్నాయని చాలాకాలం నమ్మాను. ఈ వాదాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా కొట్టిపారేయలేను. పుస్తకానికి స్కానింగు చేయించాను, ప్రతి మరకతో సహా. కానీ ఒక సంగతి అడ్డు తగులుతూనే ఉంది. 1987 నుంచి 2014 దాకా, 27 ఏళ్లలో దాని మీద ఆరుగురు పేర్లు రాశారు. నా దగ్గరికి వచ్చాక ఒక్కరూ రాయలేదు. మరకలు ఆగిపోయాయి. సుభాషితకారుడు చూస్తే సంతోషిస్తాడు, పరాయి చేతికి పోకుండా, చెడకుండా ఉంది. ఆ అడిగిన ‘ఇంకొకామె’ సంగతి?

ఈ ఏడాది పుస్తకం పట్టుకుని బయల్దేరాను. ముందు మానుకోట, కాజీపేట మీదుగా రైల్లో. అవ్వ కూతురు టీచరుగా రిటైరై అక్కడే ఉంది. అట్ట మీద తాను అంటించిన లేబుల్‌ను చాలాసేపు చూసింది. కోపపడుతుందేమో అనుకున్నాను. “కళ్లు కనవడ్తలేవమ్మా, నా బిడ్డకియ్యి” అని భూపాలపల్లి అడ్రసు చెప్పింది. ఎవరు అడిగారని అంటే ఆమెకు తెలియదు. “మా అమ్మను ఎవరో ఒకరు అడుగుతనే ఉండేటోళ్లు” అంది. అంతకు మించి నా ప్రశ్నకు జవాబు దొరకదని అక్కడే అర్థమైంది.

భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండ, పరకాల మీదుగా బస్సు. సింగరేణి క్వార్టర్లలో రెండు గదుల ఇల్లు. మనవరాలు పోటీపరీక్షలకు చదువుతోంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా లైబ్రరీలోనే ఉంటుందట. ఎన్ని ఊళ్లలో చూసినా ఇప్పుడు ఇదే దృశ్యం: గ్రంథాలయాల నిండా ఆడపిల్లలు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సుతో నడిచే ఆ గదుల్లో వాళ్లకు కుర్చీ దొరికింది. పుస్తకాలు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకుంటారు, అన్నం డబ్బాతో పాటు. బీరువాలకు తాళాలుంటాయి. నూరేళ్ల తర్వాత రిజిస్టరులో స్త్రీల పేర్లు వరుసగా కనిపిస్తున్నాయి, సంతకం సీటు కోసం.

ఆ అమ్మాయి పుస్తకం తీసుకుని నాయనమ్మను చూసినట్టు చూస్తుందని ఊహించుకుంటూ వచ్చాను. పరిశోధకులకు ఇలాంటి ఊహలుంటాయి. అవ్వ తల్లికి తల్లి, అమ్మమ్మ, అదైనా సరిగ్గా ఊహించలేదు. ఆమె గబగబా పేజీలు తిప్పింది. పాల లెక్క చూసి నవ్వింది. కమలమ్మ దగ్గర కాసేపు ఆగి, లోపలి పేజీకి వచ్చి పేర్లు చదివింది.

“మీ పేరేది మేడమ్?”

“నేను రాయలేదు. నాది కాదు కదా.”

“ఇండ్ల ఉన్నోళ్లు ఎవ్వలదీ కాదు గదా. సదివినోళ్లు రాసిండ్రు. మీరు సదివిండ్రా లేదా?”

చదివానన్నాను. పక్క క్వార్టరులో ఉండే స్నేహితురాలికి కూడా ఇస్తానని, ఆ అమ్మాయి తెలుగు లిటరేచర్ ఆప్షనల్ అని చెబుతూ పెన్ను చేతికిచ్చింది. అవ్వ పేరు కింద అంగుళం ఖాళీ ఉంది. పేరు రాశాను. ముందు ‘డా.’ పెట్టబోయి ఆగి, సంవత్సరం వేద్దామనుకుని, ఏది వేయాలో తేలక రెండూ వేశాను, తెచ్చుకున్నదీ, ఇచ్చినదీ.